డాలస్ ఉత్తరాన ఉంది

మంగళగిరిలో నిలబడి డాలస్ ఎటు ఉందని అడిగితే చాలామంది చెయ్యి పడమటికే చూపిస్తారు. గోడకు వేలాడే ప్రపంచపటం నేర్పిన లెక్క అది. బడిలో ఉండే గ్లోబు తీసుకుని రెండు ఊళ్ల మధ్య దారం బిగించి చూడండి. పడమటికి పోదు, దాదాపు నిలువునా ఉత్తరానికి పోతుంది.

మంగళగిరి సుమారు 80.6 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంది. ఆ గీత పట్టుకుని పైకి పోతే కాన్పూరుకూ లక్నోకూ నడుమగా సాగి, నేపాల్ పడమటి కొస, టిబెట్, కజకిస్తాన్, సైబీరియా దాటాక ఆర్కిటిక్ ఒడ్డున డిక్సన్ అనే రష్యా రేవు దగ్గర నేల అయిపోతుంది. ధ్రువం దాటితే అదే గీత 99.4 పడమటి రేఖాంశంగా మారి కెనడా, డకోటాలు, కాన్సస్ మీదుగా టెక్సాస్‌లోకి దిగుతుంది. డాలస్ దానికి కాస్త తూర్పున, 97 డిగ్రీల దగ్గర ఉంది. లెక్కకడితే దూరం సుమారు 14,500 కిలోమీటర్లు. ఆ దారి ఉత్తర ధ్రువానికి సుమారు మూడొందల కిలోమీటర్ల దూరంలో పోతుంది. మనకు పొద్దు వాలేవేళకు అక్కడి బంధువులు నిద్రలేవడానికీ కారణం ఇదే: భూగోళానికి ఒకరు ఈ పక్క, ఒకరు ఆ పక్క.

అయితే ఆ గీత మీద ఎవరూ ఎగరరు. గన్నవరం విమానాశ్రయం నుంచి అమెరికాకు నేరుగా విమానం లేదన్నది సరే, ఉన్నా పైలట్ టిబెట్ మీదుగా పోవడానికి జంకుతాడు. విమానంలో గాలి ఒత్తిడి పడిపోతే వెంటనే పదివేల అడుగులకు దిగాలి. టిబెట్ పీఠభూమి సగటు ఎత్తే పద్నాలుగు వేల అడుగులు దాటింది. ప్రయాణికుల మాస్కుల్లో ఆక్సిజన్ వచ్చేది సుమారు పావుగంట.

ధ్రువం సంగతి వేరు, అక్కడ కొండలు లేవు. 2021 జనవరి 9న శాన్‌ఫ్రాన్సిస్కోలో బయల్దేరిన ఎయిరిండియా బోయింగ్ 777 ధ్రువం మీదుగా దాదాపు 14,000 కిలోమీటర్లు ఎగిరి 11 తెల్లవారుజామున బెంగళూరులో దిగింది. కాక్‌పిట్‌లో జోయా అగర్వాల్, పాపగారి తన్మయి, ఆకాంక్ష సోనవరే, శివానీ మన్హాస్, నలుగురూ మహిళలే. ఆ దారిలో అసలు బెడద చలి. విమానాల్లో వాడే జెట్ ఎ-1 ఇంధనం మైనస్ 47 డిగ్రీల దగ్గర, అమెరికాలో నింపే జెట్ ఎ మైనస్ 40 దగ్గర గడ్డకట్టడం మొదలుపెడతాయి. ట్యాంకు మరీ చల్లబడితే కిందికి దిగాలి, లేదా వేగం పెంచాలి.

దూరం తగ్గితే కాలం తగ్గుతుందనుకోవడమూ పొరపాటే. 2016 అక్టోబరులో ఎయిరిండియా ఢిల్లీ–శాన్‌ఫ్రాన్సిస్కో విమానాన్ని అట్లాంటిక్ బదులు పసిఫిక్ మీదుగా మళ్లించింది. పాత దారి సుమారు 13,900 కిలోమీటర్లు, కొత్తది 15,300. అయినా పద్నాలుగున్నర గంటల్లోనే చేరి, రెండు గంటలు మిగిల్చింది. సగటున గంటకు 1,055 కిలోమీటర్లన్నమాట! ఇంజన్ గొప్ప కాదది. మన అక్షాంశాలకు ఎగువన, పై ఆకాశంలో గాలి పడమటి నుంచి తూర్పుకు జోరుగా వీస్తుంది. తూర్పుకు పోయే విమానాన్ని తోస్తుంది, పడమటికి పోయేదాన్ని ఆపుతుంది. దోహా నుంచి డాలస్ పోవడానికి పట్టినంతసేపు తిరిగి రావడానికి పట్టకపోవడం అందుకే.

గాలి ఒక ఎత్తు, దేశాల అనుమతులు మరో ఎత్తు. 2025 ఏప్రిల్ నుంచి పాకిస్తాన్ తన గగనతలాన్ని భారతీయ విమానాలకు మూసేయడంతో ఢిల్లీ నుంచి పడమటికి పోయేవి చుట్టుతిరగాల్సి వచ్చింది.

మంగళగిరి వాళ్లు పట్టే దారుల్లో ఒకటి హైదరాబాద్ దగ్గరి శంషాబాద్, దోహా, డాలస్. శంషాబాద్ దాకా రోడ్డు కలిపినా మొత్తం పదహారు వేల కిలోమీటర్లకు మించదు. ధ్రువం మీదుగా గీసిన గీత కంటే ఎక్కువయ్యేది దాదాపు పదోవంతే, విమాన వేగంతో గంటన్నర. దోహాలో రెండో విమానం కోసం కూర్చునే సమయం చాలాసార్లు అంతకంటే ఎక్కువ.