క్షమించాను అంటూనే స్టేటస్ పెడితే?

ఈ ఎపిసోడ్ చేర్యాలలో మా ఇంట్లోనే రికార్డ్ చేస్తున్నా. మధ్యలో కుక్కర్ విజిల్ వినిపిస్తే కొంచెం అడ్జస్ట్ అవ్వండి.

మీలో చాలామంది అడిగే ప్రశ్న ఒకటుంది. "అన్నా, ఒకళ్లు నన్ను బాగా బాధపెట్టారు. క్రైస్తవుణ్ణి కాబట్టి నోరు మూసుకుని భరించాలా?"

ముందు నా సంగతి చెప్తా. బీటెక్ అయ్యాక హైదరాబాద్‌లో ఒక కంపెనీలో పనిచేశా. మూడు వారాలు రాత్రుళ్లు కూర్చుని రాసిన కోడ్‌ని మా టీమ్ లీడ్ మీటింగ్‌లో తన పనిలా చూపించాడు. నేనేం చేశా? ఏమీ అనలేదు. "ప్రభువు చూసుకుంటాడు" అనుకున్నా. కానీ ఆ రాత్రి నుంచి వాట్సాప్ స్టేటస్‌లో రోజూ ఒక వాక్యం. అన్నీ దుష్టులు నశించుట గురించే! ఆయన చూశాడా లేదా అని వ్యూస్ కూడా చెక్ చేసేవాణ్ణి. దీన్ని నేను క్షమాపణ అనుకున్నా, చూడండి.

పండక్కి ఇంటికొస్తే మా అమ్మ ఒక్కటే అడిగింది. "స్టేటస్‌ల ఊరందరికి చెప్పినవ్ గని, ఆయనతోని మాట్లాడినవా బిడ్డా?"

నా దగ్గర జవాబు లేదు.

మత్తయి 5వ అధ్యాయంలో, ఒక చెంప మీద కొడితే రెండోది కూడా తిప్పమని యేసు చెప్పారు. మనం దాన్ని "సైలెంట్‌గా ఉండు" అని చదువుకుంటాం. కానీ యోహాను 18:22, 23 తీయండి. విచారణలో ఒక బంట్రౌతు నిజంగానే యేసును కొట్టాడు. ఆయన తిరిగి కొట్టలేదు, శపించలేదు. అలాగని ఊరుకోలేదు కూడా. నేను తప్పు మాట్లాడితే ఆ తప్పేంటో చూపించు, సరిగ్గా మాట్లాడితే ఎందుకు కొట్టావు అని అడిగారు. కొట్టినవాడి ముఖం చూసి, సూటిగా.

మత్తయి 18:15 నుంచి 17 దాకా అయితే పక్కా ప్రాసెస్ ఉంది. ముందు నువ్వూ అతనూ మాత్రమే ఉన్నప్పుడు తప్పు చెప్పు. వినకపోతే ఒకరిద్దరిని తీసుకెళ్లు. అప్పటికీ వినకపోతే సంఘానికి చెప్పు. సాఫ్ట్‌వేర్ వాళ్లకి ఈజీగా అర్థమవుతుంది, ఇది ఎస్కలేషన్ మ్యాట్రిక్స్! మనం రివర్స్‌లో వెళ్తాం. ముందు గ్రూప్‌లో పెడతాం, తర్వాత ఫ్రెండ్స్‌కి చెప్తాం, ఆ మనిషికి మాత్రం చెప్పం.

ఇలా ముఖం మీద చెప్పిన మనిషి ఒకరు మన దగ్గరే ఉండేవారు. 2016లో జిల్లాలు మారకముందు చేర్యాలా, డోర్నకల్లూ రెండూ వరంగల్ జిల్లానే కదా. ఆ డోర్నకల్‌లో సేవ చేసిన వి.ఎస్. అజరయ్య గారు. తిరునెల్వేలి ప్రాంతంలో పుట్టిన తమిళాయన, 1909లో ఇక్కడికి మిషనరీగా వచ్చి తెలుగు నేర్చుకున్నారు. అప్పట్లో తెల్ల మిషనరీలూ భారతీయ సేవకులూ ఒకే దేవుని పని చేసేవాళ్లు. కానీ ఇంటికి పిలవడం, కలిసి కూర్చుని తినడం చాలా తక్కువ. ఒకే బైబిల్, వేరే వేరే భోజనం బల్లలు. ఆ నొప్పి ఊహించుకోండి.

1910లో స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరోలో పెద్ద మిషనరీ మహాసభ జరిగింది. దాదాపు 1200 మంది ప్రతినిధులు, ఎక్కువ మంది తెల్లవాళ్లే. 35 ఏళ్ల అజరయ్య గారు వాళ్ల ముందే నిలబడి, మీకూ మాకూ మధ్య స్నేహం లేదు అని చెప్పేశారు. వాళ్ల త్యాగాల్ని కొట్టిపారేయలేదు, వాటిని ఒప్పుకుని, మాకు స్నేహితులు కావాలి అని అడిగారు. అందరికీ నచ్చలేదు, కొందరికి కోపం వచ్చింది. నాకు నచ్చిన విషయం ఏంటంటే, ఆయన సంబంధం తెంచుకోవడానికి మాట్లాడలేదు, కలుపుకోవడానికి మాట్లాడారు. తర్వాత అలిగి వెళ్లిపోలేదు కూడా. 1912 డిసెంబర్ 29న ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ అయ్యారు. 1945లో చనిపోయేదాకా డోర్నకల్ బిషప్‌గానే ఉన్నారు.

ఇంకో మాట, ఇది సీరియస్. ఎవరైనా కొడుతుంటే, వేధిస్తుంటే, వాళ్లతో ఒంటరిగా కూర్చుని మాట్లాడమని నేను చెప్పట్లేదు. అక్కణ్ణుంచి బయటపడండి, 112కి చేయండి, మహిళలైతే 181 కూడా ఉంది. ఒడిశాలో 1999 జనవరిలో గ్రాహం స్టెయిన్స్‌నీ, ఇద్దరు చిన్న కొడుకుల్నీ బండిలోనే తగలబెట్టారు. ఆయన భార్య గ్లాడిస్ గారు క్షమించానని చెప్పారు, బరిపదలో కుష్ఠు రోగుల సేవ కొనసాగించారు. కేసు మాత్రం నడిచింది, ముఖ్య నిందితుడికి యావజ్జీవాన్ని 2011లో సుప్రీంకోర్టు ఖాయం చేసింది. క్షమించడం అంటే ఎఫ్‌ఐఆర్ వాపస్ తీసుకోవడం కాదు.

మరి నా టీమ్ లీడ్? పండగ తర్వాత టీ టైమ్‌లో, "అన్నా, రెండు నిమిషాలు మాట్లాడాలి" అన్నా. చేతులు వణికాయి. "ఆ మాడ్యూల్ నేను రాశా, మీటింగ్‌లో నా పేరు రాలేదు, బాధేసింది" అని చెప్పా. ఆయన ఫస్ట్ నవ్వి తప్పించుకోబోయాడు. నేను కదల్లేదు. చివరికి "సరే, చూస్తాలే" అన్నాడు. సారీ చెప్పలేదు. తర్వాతి రిలీజ్ మెయిల్‌లో మాత్రం నా పేరు ఉంది. క్లోజ్ ఫ్రెండ్స్ అయ్యామా అంటే, కాలేదు. కానీ ఆయన కోసం ప్రార్థన చేయడం అప్పటి నుంచే నా వల్ల అయింది. అంతకుముందు చేసినవి ప్రార్థనలు కావు, కంప్లయింట్లు.

మీకు జరిగింది కామెంట్లో రాయండి, అన్నీ చదువుతా. అవతలి వాళ్ల పేరు మాత్రం రాయకండి ప్లీజ్, పేరుంటే డిలీట్ చేస్తా. సరే, కుక్కర్ మూడో విజిల్ వచ్చింది, అమ్మ పిలుస్తోంది.