వెనక వరుసలో ప్రపంచ మేటి

ఫుట్‌బాల్‌లో గోల్ కొట్టినవాళ్ల పేరు మర్నాడు పేపర్లో పెద్దక్షరాల్లో వస్తుంది. గోల్ పడకుండా కాపు కాసినవాళ్ల పేరు కావాలంటే జట్టు జాబితాలో వెతుక్కోవాల్సిందే. 2020 డిసెంబరులో ఫిఫా ‘ది బెస్ట్’ మహిళా అవార్డుకి ఇంగ్లండ్ రైట్ బ్యాక్ లూసీ బ్రాంజ్ పేరు ప్రకటించడం అందుకే అంత విశేషమైంది. ఫిఫా 2001 నుంచి మహిళలకు ఏటా ఈ గౌరవం ఇస్తున్నా, డిఫెండర్‌కి దక్కడం అదే మొదటిసారి. ఆ ఏడాది తుది పోటీలో నిలిచిన ముగ్గురిలో ఫ్రాన్స్ సెంటర్ బ్యాక్ వెండీ రెనార్ కూడా ఉంది. అంటే ఇద్దరు వెనక వరుసవాళ్లే! అంతకుముందు ఏడాది యూరప్ ఉత్తమ క్రీడాకారిణిగా యుయెఫా ఎంపిక చేసిందీ బ్రాంజ్‌నే. అక్కడా డిఫెండర్లలో ఆమే ప్రథమం.

బ్రాంజ్ 1991లో ఇంగ్లండ్ ఉత్తర కొసన, స్కాట్లండ్ సరిహద్దుని ఆనుకుని ఉన్న బెరిక్ పట్టణంలో పుట్టింది. తండ్రి పోర్చుగీసు, తల్లి ఇంగ్లిష్. చిన్నతనంలో కొంతకాలం లిండిస్‌ఫార్న్ దీవిలో పెరిగింది. ప్రధాన భూభాగం నుంచి ఆ దీవికి ఒక్కటే రోడ్డు. సముద్రం పోటు మీదున్నప్పుడు, రోజుకి రెండుసార్లు, ఆ రోడ్డు నీళ్లలో మునిగిపోతుంది. ఊరు దాటాలంటే ముందు ఆటుపోట్ల వేళలు చూసుకోవాలి.

ఆమె మొదట ఆడింది మగపిల్లల జట్టులో. ఆనిక్ టౌన్‌లో వాళ్లతో సమానంగా రాణిస్తున్న పిల్లని 12 ఏళ్లకే పక్కన పెట్టాల్సి వచ్చింది. ఆటలో లోపమేమీ లేదు. ఆ వయసు దాటాక ఆడపిల్లలు మగపిల్లలతో కలిసి ఆడకూడదని ఇంగ్లండ్ ఫుట్‌బాల్ సంఘం నియమం. 1921 నుంచి దాదాపు 50 ఏళ్లపాటు తన పరిధిలోని మైదానాల్లో ఆడవాళ్లని అడుగే పెట్టనివ్వని సంఘం అది. బ్రాంజ్ ఆడపిల్లల జట్టు వెతుక్కుంటూ బ్లైత్‌కి, అక్కణ్నుంచి సండర్లాండ్‌కి వెళ్లింది. కలిసి ఆడే వయసు పరిమితిని తర్వాత మెల్లమెల్లగా 18కి పెంచారు. ఆ మార్పు వచ్చేలోపు అలా ఆటకి దూరమైపోయిన పిల్లలు ఎందరో అనిపిస్తుంది.

2009 ఎఫ్ఏ కప్ ఫైనల్లో సండర్లాండ్ 1-2తో ఆర్సెనల్ చేతిలో ఓడింది. అయినా ఆ మ్యాచ్‌లో ఉత్తమ క్రీడాకారిణి ఓడిన జట్టులోని 17 ఏళ్ల బ్రాంజే. అదే ఏడాది అమెరికా వెళ్లి నార్త్ కరోలినా విశ్వవిద్యాలయం తరఫున జాతీయ కాలేజీ టైటిల్ గెలిచింది. తిరిగొచ్చి లీడ్స్‌లో చదువుకుంటూ, ఎవర్టన్‌కి ఆడుతూ, ఖర్చుల కోసం పిజ్జా దుకాణంలో పనిచేసింది. అప్పట్లో ఇంగ్లండ్‌లో ఆడవాళ్ల ఫుట్‌బాల్ జీతం కడుపు నింపే స్థాయిలో లేదు మరి.

అసలు రైట్ బ్యాక్ పనేమిటి? ప్రత్యర్థి జట్టులో అందరికన్నా వేగంగా పరుగెత్తే వింగర్‌ని కట్టడి చేయాలి. బంతి దొరకగానే కుడిగీత వెంబడి తానే అవతలి పెనాల్టీ బాక్స్ దాకా దూసుకెళ్లి క్రాస్ వేయాలి. బంతి పోతే మళ్లీ అంత దూరమూ వెనక్కి పరుగెత్తాలి. తొంభై నిమిషాలూ ఇదే వరస. ఈ రెండు పనుల్లో ఒకటి బాగా చేసేవాళ్లు చాలామందే ఉన్నారు. రెండూ ఒకే స్థాయిలో చేయడమే బ్రాంజ్ గొప్పతనం.

నార్వేకి ఆమె పేరంటే హడలే. 2015 ప్రపంచకప్ ప్రీక్వార్టర్స్‌లో స్కోరు 1-1గా ఉన్నప్పుడు, దూరం నుంచి కొట్టిన షాట్‌తో వాళ్లని ఇంటికి పంపింది. నాలుగేళ్ల తర్వాత క్వార్టర్స్‌లో మళ్లీ అదే జట్టు. ఈసారి ఫ్రీకిక్‌ని తోటి క్రీడాకారిణి పెనాల్టీ బాక్స్ అంచుకి తోసింది, పరుగెత్తుకొచ్చిన బ్రాంజ్ ఒక్క తాపుతో వలలోకి పంపింది. ఆ టోర్నీలో రెండో ఉత్తమ క్రీడాకారిణిగా సిల్వర్ బాల్ ఆమెదే.

ఆమెకి ఆటిజం, ఏడీహెచ్‌డీ ఉన్నట్టు 2021లో తేలింది. 2025లో ఆ సంగతి స్వయంగా లోకానికి చెప్పింది. సాధన మీద తనకున్న తీరని యావకీ దీనికీ సంబంధముందనీ, అది ఆటకి మేలే చేసిందనీ ఆమె నమ్మకం. ప్రపంచ స్థాయికి చేరిన మనిషి ఇంత బాహాటంగా మాట్లాడటం, బడిలో వేరుగా చూడబడుతున్న పిల్లల తల్లిదండ్రులకి కొండంత ధైర్యం.

ఇక 2025 యూరో కప్. జ్యూరిక్‌లో స్వీడన్‌తో క్వార్టర్ ఫైనల్. 79వ నిమిషం దాకా ఇంగ్లండ్ 0-2తో వెనకబడి ఉంది. బ్రాంజ్ తలతో కొట్టిన గోల్‌తో కదలిక మొదలైంది, కాసేపటికే స్కోరు సమమైంది. పెనాల్టీ షూటౌట్‌కి ముందు ఆమె మైదానంలోనే కూర్చుని కాలికి తనే పట్టీ చుట్టుకుంటూ కనిపించింది. రెండు జట్లూ కలిపి 14 పెనాల్టీలు కొడితే తొమ్మిది వృథా అయ్యాయి. ఒక్క తప్పుతో ఇంటిదారి పట్టాల్సిన దశలో బ్రాంజ్ వచ్చి, బంతిని నేరుగా గోల్ మధ్యకి శక్తికొద్దీ బాదింది. స్వీడన్ తర్వాతి షాట్ పైకెగిరిపోయింది. ఈమెని మైదానంలోంచి బయటికి తేవాలంటే చక్రాల కుర్చీ కావాలని కోచ్ సరీనా వీగ్‌మన్ ఆ రోజు అన్నదట. ఫైనల్లో స్పెయిన్‌ని ఓడించి కప్పు గెలిచాక గానీ అసలు సంగతి బయటపడలేదు: కాలి ఎముక చిట్లి ఉండగానే బ్రాంజ్ టోర్నీ అంతా ఆడింది.

క్లబ్బుల లెక్కలోనూ ఓ తమాషా ఉంది. 2019 చాంపియన్స్ లీగ్ ఫైనల్లో లియోన్ జట్టులో ఉండి బార్సిలోనాని ఓడించింది. 2024 ఫైనల్లో బార్సిలోనా జట్టులో ఉండి లియోన్‌ని ఓడించింది. ఆ రెండు క్లబ్బుల్లో కలిపి ఆమె అందుకున్న చాంపియన్స్ లీగ్ ట్రోఫీలు ఐదు. ఆ తర్వాత చెల్సీలో చేరింది. అక్కడ మొదటి సీజన్లో జట్టు లీగ్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఓడలేదు.