కంపెనీ అదే కాలేజీకి మళ్ళీ మళ్ళీ ఎందుకు వస్తుంది?

వెబ్ ఆప్షన్లు పెట్టుకునే టైమ్ వచ్చిందంటే చాలు, రోడ్డు మీద హోర్డింగులు మొదలవుతాయి. ఒక అబ్బాయి ఫొటో, పక్కన పెద్ద ప్యాకేజీ, కింద ఇరవై కంపెనీల లోగోలు. ఇంట్లో నాన్నగారు దాన్ని చూసి "ఈ కాలేజీ బావుందిరా" అంటారు. నాలుగేళ్ళ ఫీజు, హాస్టలు, బస్సు అన్నీ కలిపితే అది చిన్న డబ్బు కాదు. కాబట్టి ఆ లోగోల వెనక అసలు ఏముందో ఈ రోజు మాట్లాడుకుందాం.

నేను కొన్నాళ్ళు ఒక కాలేజీ ప్లేస్‌మెంట్ ఆఫీసులో పనిచేశాను. కాలేజీ పేరు చెప్పను, అవసరం కూడా లేదు. అక్కడ గోడ నిండా ఎంఓయూల ఫొటోలే. శాలువా, బొకే, ఇద్దరు చెయ్యి కలిపి కెమెరా వైపు చూడడం. అందులో చాలా కంపెనీల వాళ్ళు ఆ ఫొటో దిగిన రోజు తర్వాత మళ్ళీ గేటు లోపలికి రాలేదు. సంతకం చేసిన హెచ్ఆర్ వేరే కంపెనీకి వెళ్ళిపోతే, ఆ ఒప్పందం కూడా ఆయనతో పాటే వెళ్ళిపోయేది. ఎందుకంటే ఆ సంబంధం మనిషితోనే తప్ప కంపెనీతో కాదు.

మరి నిలిచే సంబంధం ఎలా ఉంటుంది? దీనికి నూరేళ్ళు దాటిన కథ ఒకటి ఉంది. అమెరికాలో ఒహాయో రాష్ట్రంలో సిన్సినాటి అని ఊరు. ఎమ్మెస్‌కి వెళ్ళే మనవాళ్ళకి ఈ పేరు కొత్తేం కాదు. అక్కడి యూనివర్సిటీలో హెర్మన్ ష్నైడర్ అనే ఇంజినీరింగ్ ప్రొఫెసర్ ఉండేవాడు. మంచి ఇంజినీర్లు అయినవాళ్ళలో చాలామంది చదువుకునేటప్పుడే ఎక్కడో ఒకచోట పని చేసినవాళ్ళని ఆయన గమనించాడు. సరే, ఆ పనిని చదువులోనే కలిపేద్దాం అనుకున్నాడు. 1906లో 27 మంది స్టూడెంట్లతో మొదలుపెట్టాడు. దాన్నే కో-ఆప్ అంటారు.

ఇక్కడ ఒక చిన్న ఏర్పాటు ఉంది. నా లెక్కలో మొత్తం విషయం అదే. ఆయన స్టూడెంట్లని జంటలుగా పెట్టాడు. ఒక వారం ఒకడు ఫ్యాక్టరీలో, రెండోవాడు క్లాసులో. తర్వాతి వారం ఇద్దరూ మారతారు. అంటే ఏంటి? ఫ్యాక్టరీ వాడి దగ్గర ఆ సీటు ఎప్పుడూ ఖాళీగా ఉండదు. యజమానికి "పాపం పిల్లలు, ఏదో నేర్చుకోనీ" అనే దయ అక్కర్లేదు, వాడి పని వాడికి జరుగుతోంది. పిల్లాడికి కూలి వస్తోంది, చదువు కూడా సాగుతోంది. అసలు ఇది ఫెయిలవుతుందేమోనని మొదట్లో యూనివర్సిటీ వాళ్ళకే అనుమానం. ఆ ష్నైడరే తర్వాత అదే యూనివర్సిటీకి ప్రెసిడెంట్ అయ్యాడు.

కెనడాలో వాటర్లూ యూనివర్సిటీ 1957లో ఇదే దారిలో మొదలైంది. దాని వెనక ఉన్నవాళ్ళలో ఐరా నీడిల్స్ ఒకరు. ఆయన ప్రొఫెసర్ కాదు, ఒక టైర్ల కంపెనీకి ప్రెసిడెంట్. మాకు ఇంజినీర్లు కావాలి, ఇలా తయారుచెయ్యండి అని పరిశ్రమ నుంచే అడిగాడు. ఇప్పటికీ అక్కడ నాలుగు నెలలు చదువు, నాలుగు నెలలు పని అన్నట్టు టర్ములు మారుతూ ఉంటాయి. పని టర్ము అయ్యాక కంపెనీ ఆ స్టూడెంట్ ఎలా చేశాడో రాసిస్తుంది. అంటే ప్రతి ఏడాదీ కంపెనీ నుంచి కాలేజీకి ఒక కబురు అందుతూ ఉంటుందన్నమాట, "మీ వాళ్ళకి ఇది వచ్చు, ఇది రాదు" అని. మన దగ్గర ఆ కబురు డ్రైవ్ రోజు సాయంత్రం, సెలెక్ట్ అయినవాళ్ళ లిస్టు రూపంలోనే వస్తుంది. అప్పటికి ఏం లాభం చెప్పండి?

"అది ఫారిన్ బాస్, ఇక్కడ కుదరదు" అంటారా? పిలానీలోని బిట్స్ 1973లోనే ప్రాక్టీస్ స్కూల్ పెట్టింది. అప్పుడు డైరెక్టర్ సి.ఆర్. మిత్రా గారు. సెకండ్ ఇయర్ తర్వాత వేసవిలో దాదాపు రెండు నెలలు ఒకసారి, తర్వాత చివర్లో ఐదున్నర నెలలు ఇంకోసారి కంపెనీలో పని. దానికి మార్కులుంటాయి, క్రెడిట్లుంటాయి. 2008లో మొదలైన హైదరాబాద్ క్యాంపస్‌లో కూడా అదే పద్ధతి. ఇందులో నాకు నచ్చింది ఒకటే. పిల్లల్ని పంపేసి కాలేజీ చేతులు దులుపుకోదు, ఫ్యాకల్టీ కూడా దాంట్లో ఉంటారు. సెమినార్, రిపోర్ట్, వైవా అన్నీ చూస్తారు. సారు ఆ కంపెనీకి వెళ్ళి, అక్కడి ఇంజినీర్లతో కూర్చుని టీ తాగి, వాళ్ళ తలనొప్పి ఏంటో విని వస్తే, మరుసటి ఏడాది ఆయన క్లాసులో చెప్పే ఉదాహరణే మారిపోతుంది. హెచ్ఆర్ మారినా ఆ ఇంజినీరు ఉంటాడు, ఆ సారు ఉంటారు. తాడుకి నాలుగు పోగులుంటే ఒకటి తెగినా పర్లేదు కదా.

ఇంకో విషయం, ఇది చాలామంది చెప్పరు. కంపెనీ రాకపోవడానికి ఒక్కోసారి మనమే కారణం. పదిమంది ఆఫర్ తీసుకుని, జాయినింగ్ రోజు ముగ్గురే వెళ్తే, ఆ మేనేజర్ తన బాసుకి ఏం చెప్పుకుంటాడు? అందుకే చాలా కాలేజీల్లో ఒక స్టూడెంట్‌కి ఒకే ఆఫర్ అనే రూల్. మీకు కోపం వస్తుంది, నాకు తెలుసు. కానీ ఆ రూల్ మీ జూనియర్ కోసం. అలాగని కంపెనీలన్నీ దేవుళ్ళేం కాదు. ఆఫర్ లెటర్ చేతిలో పెట్టుకుని నెలల తరబడి జాయినింగ్ డేట్ కోసం ఎదురుచూసిన పిల్లల్ని 2022, 2023ల్లో ఎంతమందిని చూశామో! అప్పుడు కంపెనీకి ఫోన్ చేసి గట్టిగా అడిగిన కాలేజీనే నేను మంచి కాలేజీ అంటాను. భాగస్వామ్యం అంటే వంగి వంగి దండాలు పెట్టడం కాదు.

డబ్బులు కట్టించుకుని ఇంటర్న్‌షిప్ సర్టిఫికెట్ ఇచ్చేవాళ్ళ సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తా. పని చేసినందుకు మీకు వాళ్ళు ఇవ్వాలి, మీరు వాళ్ళకి కాదు. ఇంటర్వ్యూలో "అక్కడ ఏం చేశావ్?" అని అడిగితే ఆ కాగితం మాట్లాడదు.

మరి కాలేజీ చూడ్డానికి వెళ్ళినప్పుడు ఏం అడగాలి? హయ్యెస్ట్ ప్యాకేజీ అడక్కండి. అందరినీ జీతం ప్రకారం వరసలో నిలబెడితే సరిగ్గా మధ్యలో ఉన్నవాడికి ఎంత వచ్చిందో అడగండి. మూడేళ్ళు వరసగా వచ్చిన కంపెనీలు ఏవో అడగండి. ఇంటర్న్‌షిప్‌కి వెళ్ళినప్పుడు చూడ్డానికి ఏ సారు వచ్చారు, మార్కులు ఎవరు వేశారు అని కూడా. ఇవన్నీ ఆఫీసులో కాదు, క్యాంటీన్‌లో కూర్చున్న ఫైనలియర్ అన్నల్నీ అక్కల్నీ అడగండి. వాళ్ళకి దాచాల్సిన పనేముంది?

ఇప్పటికే కాలేజీలో చేరిపోయాం, అక్కడ ఇవేవీ లేవు అనేవాళ్ళకి కూడా ఒక దారి ఉంది. 1961 నాటి అప్రెంటిస్ చట్టం కింద, 30 మంది లేదా అంతకన్నా ఎక్కువమంది పనిచేసే సంస్థలు అప్రెంటిస్‌లని తీసుకోవాల్సిందే. డిప్లొమా, డిగ్రీ, బీటెక్ అయినవాళ్ళకి నాట్స్ అనే కేంద్ర ప్రభుత్వ పోర్టల్ ఉంది. స్టైపెండ్ వస్తుంది, కనీస స్టైపెండ్‌లో సగం కేంద్రమే భరిస్తుంది. ఫోన్లోనే రిజిస్టర్ అవ్వచ్చు, రిజిస్ట్రేషన్‌కి ఎవరికీ రూపాయి ఇవ్వక్కర్లేదు. ఆధార్, మార్కుల మెమో, బ్యాంకు ఖాతా వివరాలు పక్కన పెట్టుకుని కూర్చోండి. పేరు అన్నిట్లో ఒకేలా ఉందో లేదో ముందే చూసుకోండి, ఇంటిపేరు దగ్గరే చాలామందికి ఆగిపోతుంది. సరే మరి, ఉంటాను.