సీరియల్ పోర్టులో జారిపోయే అక్షరాలు

బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో ఐటీపీఎల్‌గా జనానికి తెలిసిన టెక్ పార్కు పరిసరాల్లో తెలుగు ఇంజనీర్లు చాలామంది పనిచేస్తున్నారు. వారిలో ఎంబెడెడ్ రంగంలో ఉన్నవారికి, కొత్త బోర్డుపై తెరగానీ నెట్‌వర్కుగానీ ఇంకా మేల్కొనని దశలో, దానితో మాట్లాడటానికి తరచూ మిగిలే దారి 1960లో ప్రమాణంగా వెలువడిన ఆర్‌ఎస్-232 సంప్రదాయానికి చెందిన సీరియల్ పోర్టే. బిట్లను ఒకదాని వెనుక ఒకటిగా పంపే ఈ ద్వారంలో, ఎనిమిది బిట్ల అక్షరానికి సాధారణంగా ఒక ఆరంభ బిట్టు, ఒక ముగింపు బిట్టు తోడవుతాయి కనుక, సెకనుకు 9,600 బిట్ల వేగంలో దాదాపు మిల్లీసెకనుకొక అక్షరం, 1,15,200 బిట్ల వేగంలో 87 మైక్రోసెకన్లకొక అక్షరం వస్తాయి.

వచ్చిన అక్షరాన్ని యూఆర్ట్ అనే చిప్పు పట్టి ఉంచి, ఇంటరప్ట్ ద్వారా, అంటే చేస్తున్న పని ఆపి తనను చూడమనే సంకేతంతో, ప్రాసెసర్‌ను పిలుస్తుంది. ఆ పిలుపు అందుకోవడంలో ఆలస్యమై, చిప్పులో చోటు లేక అక్షరం నష్టపోవడమే ఓవర్‌రన్. 1981 నాటి ఐబీఎం పీసీలోని 8250 చిప్పు ఒక్క అక్షరాన్నే దాచగలిగేది. తర్వాతి 16550ఏ పదహారింటిని దాచగలదు. అయితే డ్రైవర్ పద్నాలుగో అక్షరం వచ్చాకే పిలవమని చిప్పుకు చెప్పి ఉంటే, 1,15,200 బిట్ల వేగంలో మిగిలే గడువు సుమారు 260 మైక్రోసెకన్లే. ఎనిమిదో అక్షరానికే పిలిచేలా మారిస్తే అది దాదాపు 780కి పెరుగుతుంది, ఇంటరప్టుల సంఖ్య కూడా పెరుగుతుంది.

అందువల్ల తప్పంతా నెమ్మది ప్రాసెసర్‌పై మోపడం సగం నిజమే. పాత యూనిక్స్ యంత్రంలో ఐడీఈ డిస్కు డ్రైవర్ ఇతర ఇంటరప్టులను మూసివేసి డేటాను స్వయంగా తరలిస్తుంటే, సగటున ఖాళీగా ఉన్న ప్రాసెసర్ కూడా ఆ కొద్దిసేపు సీరియల్ పోర్టుకు అందదు. లినక్స్‌లో ఆ మూతను తెరిచి ఉంచేందుకు హెచ్‌డీపార్మ్ ఆదేశం ఉండేది.

రోగనిర్ణయంలో తరచూ పొరపాటు జరిగేది రెండు నష్టాలను ఒకటిగా చూడటం వల్ల. నెట్‌బీఎస్‌డీ కెర్నెల్ చిప్పులో జరిగే నష్టాన్ని సైలో ఓవర్‌ఫ్లో అనీ, డ్రైవర్ మెమరీ నిండటాన్ని ఐబఫ్ ఫ్లడ్ అనీ విడిగా లెక్కిస్తుంది. లినక్స్‌లో ప్రాక్ కింది సీరియల్ ఫైలు చిప్పు ఓవర్‌రన్‌లను, తీగలో దోషాన్నో వేగాల పొత్తు కుదరకపోవడాన్నో సూచించే ఫ్రేమ్ లోపాలను వేర్వేరుగా చూపుతుంది. ఎస్‌టీటీవై ఆదేశంతో ఆర్‌టీఎస్, సీటీఎస్ తీగల ప్రవాహ నియంత్రణను పెట్టగానే సమస్య తీరాలని ఆశించడం సహజమే గానీ, పంపడం ఆపమని అవతలివైపుకు చెప్పే ఆర్‌టీఎస్ తీగను డ్రైవరే దించవలసిన యంత్రాల్లో అది మెమరీ నిండే సమస్యకే మందు. ఇంటరప్టు అందని డ్రైవర్ ఆ తీగను కూడా దించలేదు. 16సీ750 వంటి చిప్పులు 64 అక్షరాల నిల్వతో పాటు ఆ తీగను తామే దించే సౌకర్యం కలిగి ఉంటాయి. అలాంటి చిప్పు లేనిచోట గడువు పెంచడం, ఇంటరప్టులను మూసే డ్రైవర్‌ను సరిచేయడం, చివరికి వేగం తగ్గించడం మిగులుతాయి.

ఓవర్‌రన్ ప్రభావం అన్నిచోట్లా ఒకేలా కనిపించదు. 1986లో మొదలై, బెంగళూరులోని ఐఐఎస్‌సీ కూడా భాగస్వామిగా ఉన్న విద్యా, పరిశోధన నెట్‌వర్కు ఎర్‌నెట్ తొలి దశలో డయల్-అప్ లైన్లపై యూయూసీపీ ప్రొటోకాల్‌తో మెయిల్ నడిచేది. అలాంటి ప్రొటోకాల్ చెడిన ప్యాకెట్‌ను మళ్లీ అడుగుతుంది కనుక, టెర్మినల్‌పై అక్షరలోపంగా బయటపడే ఓవర్‌రన్ అక్కడ ఫైలును చెడగొట్టదు. బదిలీ నెమ్మదిస్తుంది, టెలిఫోన్ బిల్లు పెరుగుతుంది.