బెల్టు రంగుకు ధర ఎంత? కుంగ్‌ఫూ, కరాటే తరగతుల గురించి తల్లిదండ్రులకు నాలుగు మాటలు

ఏప్రిల్ వచ్చిందంటే మన బెంగళూరులో అపార్ట్‌మెంటు గేట్లకు, బడి గోడలకు, పార్కు కంచెలకు బేనర్లు వేలాడతాయి. ‘కరాటే, కుంగ్‌ఫూ, తైక్వాండో, ఆత్మరక్షణ. రెండేళ్ళలో బ్లాక్ బెల్టు’ అని ఉంటుంది. మన సంఘానికి వచ్చే తాతలూ అమ్మమ్మలూ మనవల గురించి అడిగే ప్రశ్నల్లో ఈ మధ్య ఇదొకటి. ఏది మంచిది, ఎంత కట్టవచ్చు, మధ్యలో మానేస్తే డబ్బు తిరిగి వస్తుందా అని అడుగుతున్నారు. మన హాలును ఇలాంటి తరగతులకు అద్దెకిమ్మని అడిగినవారూ ఉన్నారు. అందుకని కమిటీలో మేము ఈ విషయం కాస్త లోతుగా చదివి, తెలిసినవారితో మాట్లాడి, తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాము.

ముందు పేర్ల సంగతి

బేనరు మీద ఒకే వరుసలో రాసినా ఇవన్నీ ఒకటి కావు. కుంగ్‌ఫూ చైనాది. అది ఒకే విద్య కాదు. షావోలిన్, వింగ్ చున్, తాయ్‌చీ లాంటి ఎన్నో సంప్రదాయాలకు కలిపి వాడే పేరు. పోటీల కోసం చైనా ప్రభుత్వం తీర్చిదిద్దిన రూపాన్ని వూషు అంటారు. 1990 బీజింగ్ ఆసియా క్రీడల నుంచి అది పోటీల్లో ఉంది. మన దేశానికి మణిపూర్ అమ్మాయి నావోరెమ్ రోషిబినా దేవి 2023లో హాంగ్‌జౌలో రజతం తెచ్చింది ఈ వూషులోనే. కరాటే జపాన్ ఏలుబడిలోని ఒకినావా దీవిది. చైనా విద్య ప్రభావంతో పెరిగింది కాబట్టి ఒకప్పుడు ‘చైనా చేయి’ అనే అర్థం వచ్చేలా రాసేవారు. 1930లలో దాన్ని ‘ఖాళీ చేయి’ అని మార్చుకున్నారు. తైక్వాండో కొరియాది. ఒకే గురువు ఈ మూడింటినీ నేర్పుతానంటే, ఆయన ఏది ఎవరి దగ్గర ఎన్నేళ్ళు నేర్చుకున్నారో అడగడంలో తప్పులేదు.

పాతకాలంలో డబ్బు లేదా?

ఉంది. గురువులు ఉచితంగా నేర్పేవారు, ఇప్పుడే వ్యాపారమైంది అనుకోవడం సరికాదు. చైనాలో శిష్యుడిగా చేర్చుకునేటప్పుడు గురువుకు మొక్కి, టీ అందించి, ఎర్ర కవరులో కానుక ఇచ్చే ఆచారం ఉంది. చాలామంది గురువులు వర్తకుల సరుకుకు కాపలా వెళ్ళి, విరిగిన ఎముకలకు కట్లు కట్టి బతికేవారు. నేర్పడం కుటుంబానికో, ఊరికో, కొద్దిమంది శిష్యులకో పరిమితం.

దీన్ని మార్చినవాటిలో 1910లో షాంఘైలో మొదలైన జింగ్‌వూ సంఘం ముఖ్యమైనది. రహస్యాలు పక్కనపెట్టి, తరగతులు పెట్టి, వ్యాయామంగా అందరికీ నేర్పింది. ఆడవాళ్ళనూ చేర్చుకుంది. 1920లలో దాని శాఖలు సింగపూరు, మలయాలకు చేరాయి. అక్కడ స్థిరపడిన చైనా కుటుంబాలకు అవి మన సంఘం లాంటివే: భాష, పండగ, వ్యాయామం అన్నీ ఒకే కప్పు కింద. ఫీజు తీసుకున్నా అది సేవే. కాబట్టి ఫీజు దగ్గర మాకు పేచీ లేదు. ఫీజు దేనికి తీసుకుంటున్నారన్నదే ప్రశ్న.

సముద్రం దాటాక

విదేశాల్లో కుంగ్‌ఫూ పేరు మోగించింది బ్రూస్ లీ. హాంగ్‌కాంగ్‌లో ఇప్ మాన్ దగ్గర వింగ్ చున్ నేర్చుకున్న ఆయన 1963లో సియాటిల్‌లో, 1964లో ఓక్లాండ్‌లో, 1967లో లాస్ ఏంజిలిస్‌లో పాఠశాలలు తెరిచారు. చైనావారు కానివారికీ నేర్పారు. హాలీవుడ్ నటులకు విడిగా పాఠం చెప్పి గంటకు వందల డాలర్లు తీసుకున్నారు. అమెరికా అంతటా తన పేరుతో శాఖలు పెట్టే ఆలోచన కూడా ఆయనకు ఉండేది. కానీ ఎక్కువమందిని ఒకేసారి చేర్చుకుంటే నేర్పలేనని దాన్ని వదులుకున్నారు. 1970లో ఉన్న పాఠశాలలూ మూసేశారు. 1973లో ఆయన పోయాక ‘ఎంటర్ ది డ్రాగన్’ విడుదలై ప్రపంచమంతా వెర్రెత్తింది. ఆయన వద్దనుకున్న శాఖల వ్యాపారాన్ని ఇతరులు అందుకున్నారు. మన సినిమాల్లోనూ సుమన్, భానుచందర్ లాంటి కరాటే తెలిసిన హీరోలు వచ్చారు. వాళ్ళను చూసి పెరిగినవాళ్ళే ఇప్పుడు పిల్లల్ని చేరుస్తున్న తాతలూ తండ్రులూ.

అమెరికాలో ఈ పాఠశాలలు వీధివీధికీ వచ్చాక వాటికి ఒక ఎగతాళి పేరు పుట్టింది, ‘మెక్‌డోజో’ అని. డోజో అంటే జపాన్ భాషలో సాధన చేసే చోటు. హోటలు గొలుసులా ఒకే మూస, ఒకే మెనూ, డబ్బిస్తే చేతికి పొట్లం అని దాని భావం.

బెల్టు ఎక్కడి నుంచి వచ్చింది?

ఇది చాలామందికి ఆశ్చర్యం కలిగిస్తుంది. పాత కుంగ్‌ఫూలో రంగు బెల్టులు లేవు. నల్ల బెల్టు జూడోది. జిగోరో కానో 1882లో టోక్యోలో కొడోకాన్ స్థాపించాక పెద్ద విద్యార్థులను గుర్తుపట్టడానికి తెచ్చిన పద్ధతి. కరాటే దాన్ని జూడో నుంచి 1924లో తీసుకుంది. పసుపు, నారింజ, ఆకుపచ్చ అనే రంగుల నిచ్చెనను 1930లలో పారిస్‌లో జూడో నేర్పిన కవాయిషి బాగా ప్రచారం చేశారు. ఐరోపా విద్యార్థులకు ఏళ్ళ తరబడి తెల్లబెల్టుతో ఉండే ఓపిక ఉండదని, మధ్యమధ్య ప్రోత్సాహం కావాలని. కుంగ్‌ఫూ పాఠశాలలు ఆ తరవాత నడుముపట్టీలు రంగులు వేసి ఇవ్వడం మొదలుపెట్టాయి. చైనా ప్రభుత్వమే వూషుకు తొమ్మిది మెట్ల పద్ధతి పెట్టింది 1998లో.

అంటే ‘వేల ఏళ్ళ సంప్రదాయం’ అని ఎవరైనా బెల్టు చూపిస్తే, ఆ రంగుల నిచ్చెన వయసు దాదాపు వందేళ్ళేనని గుర్తుంచుకోవాలి.

‘మా విద్య బోధిధర్ముడిది, అంటే మన దక్షిణ భారతానిదే’ అన్న మాటా తరచుగా వినిపిస్తుంది. ‘సెవెన్త్ సెన్స్’ సినిమా వచ్చాక మరీ ఎక్కువైంది. బోధిధర్ముడు దక్షిణాది నుంచి వెళ్ళిన బౌద్ధ గురువని పాత చైనా రచన ఒకటి చెబుతుంది, మరొకటి పారశీకుడంటుంది. కానీ ఆయన షావోలిన్ భిక్షువులకు యుద్ధవిద్య నేర్పాడన్నదానికి ఆధారం 1624 నాటి ఒక వ్యాయామ గ్రంథం. ఆయన కాలానికి వెయ్యేళ్ళకు పైగా తరవాతిది. చైనా చరిత్రకారుడు తాంగ్ హావో 1930లలోనే దీన్ని తోసిపుచ్చారు. వినడానికి మనకు గర్వంగా ఉంటుంది, నిజమే. అయినా గర్వం వేరు, గురువు యోగ్యత వేరు.

షావోలిన్ సంగతే చూడండి

హెనాన్ రాష్ట్రంలో 495లో కట్టిన మఠం అది. 1928లో యుద్ధంలో చాలావరకు కాలిపోయింది. 1982లో జెట్ లీ ‘షావోలిన్ టెంపుల్’ సినిమా వచ్చాక జనం పోటెత్తారు. చుట్టుపక్కల డెంగ్‌ఫెంగ్ పట్టణంలో వేలమంది పిల్లలు చదివే ప్రైవేటు కుంగ్‌ఫూ బడులు వెలిశాయి. 1992లో ప్రదర్శనల కోసం అమెరికా వెళ్ళిన షి యాన్‌మింగ్ అనే భిక్షువు తిరిగి వెళ్ళకుండా న్యూయార్క్‌లో పాఠశాల పెట్టారు. 1999లో మఠాధిపతి అయిన షి యోంగ్‌షిన్ మఠం పేరును వాణిజ్య గుర్తుగా నమోదు చేయించి, విదేశీ శాఖలు పెంచారు. ఆస్ట్రేలియాలో హోటలు, గోల్ఫ్ మైదానంతో కూడిన షావోలిన్ గ్రామం కడతామన్నారు. పత్రికలు ఆయన్ని ‘సీఈఓ భిక్షువు’ అన్నాయి. 2025 జులైలో మఠం నిధుల దుర్వినియోగం సహా పలు ఆరోపణలపై ఆయన మీద విచారణ మొదలైంది. చైనా బౌద్ధ సంఘం ఆయన సన్యాస ధ్రువపత్రాన్ని రద్దు చేసింది. పదిహేను వందల ఏళ్ళ పేరుకే ఇలా జరిగితే, మన వీధి చివర బేనరును కాస్త పరీక్షించి చూడటం అపచారం కాదు.

అసలు ఎందుకిలా జరుగుతుంది?

చెడ్డవాళ్ళ వల్ల అని తేల్చేస్తే సులువే. కానీ లెక్క చూస్తే వేరే విషయం కనిపిస్తుంది. నగరంలో హాలు అద్దె ఎక్కువ. చేరిన పిల్లల్లో చాలామంది పరీక్షలో, ట్యూషనో అడ్డొచ్చి కొన్ని నెలలకే మానేస్తారు. నెల ఫీజు పెంచితే పక్క తరగతికి పోతారు. అప్పుడు గురువు ఆదాయం వెతుక్కునేది బెల్టు పరీక్షలో, యూనిఫారంలో, టోర్నమెంటు ప్రవేశ రుసుములో. పిల్లవాణ్ణి పరీక్షలో తప్పిస్తే ఏడుస్తాడు, తల్లిదండ్రులు మాన్పిస్తారు, ఫీజు పోతుంది. అందుకని ఎవరూ తప్పరు. ఎవరూ తప్పని పరీక్ష పరీక్ష కాదు, రసీదు.

ఒక లెక్క వేసి చూద్దాం. ఇవి ఉదాహరణకు వేసిన అంకెలు. మీ దగ్గరున్న రసీదులు పెట్టి మార్చుకోండి. నెలకు 1,500 చొప్పున ఏడాదికి 18,000. మూడు నెలలకో బెల్టు పరీక్ష 1,200 చొప్పున 4,800. యూనిఫారం, రక్షణ సామగ్రి 3,500. రెండు టోర్నమెంట్లు 3,000. మొత్తం 29,300. ఇందులో చేరేటప్పుడు మనకు చెప్పింది 18,000 మాత్రమే. మూడో వంతుకు పైగా తరవాత తెలిసిన ఖర్చే. మూడేళ్ళు ఇలాగే సాగి, చివర బ్లాక్ బెల్టు పరీక్షకు పదివేలు కడితే 97,900 అవుతుంది.

ఆ లక్షతో పిల్లవాడికి ఆరోగ్యం, క్రమశిక్షణ, ధైర్యం వస్తే అది దండగ కాదు. కానీ రెండు అపోహలు వదులుకోవాలి. ఒకటి, బ్లాక్ బెల్టు ఉంటే స్పోర్ట్స్ కోటాలో సీటు వస్తుందన్నది. కోటాకు చూసేది గుర్తింపు పొందిన పోటీల్లో ఆడిన రికార్డు, పతకాలు. బెల్టు రంగు కాదు. రెండోది, బెల్టు ఉన్న ఆడపిల్లకు ఏ భయమూ లేదన్నది. ఎదురుగా ఒప్పుకుని నిలబడ్డ తోటి విద్యార్థి మీద వేసిన దెబ్బ వేరు, రాత్రి బస్టాపు దగ్గర జరిగేది వేరు. 2017లో చైనాలోనే తాయ్‌చీ గురువునని చెప్పుకున్న ఒకాయన షు షియావోడాంగ్ అనే పోటీ వీరుడి ముందు నిమిషం కూడా నిలబడలేకపోయాడు. అమ్మాయికి మొదట నేర్పవలసింది అక్కడి నుంచి తప్పుకోవడం, గట్టిగా అరవడం, 112కి ఫోన్ చేయడం. మంచి గురువులు ఈ మాట తామే చెబుతారు.

మన ఇంటి సంగతి

ఇదంతా చదివి చైనావాళ్ళను చూసి నవ్వుకోనక్కర్లేదు. మన పిల్లల నాట్యానికి రంగప్రవేశం అంటూ హాలు, ఆర్కెస్ట్రా, పట్టుచీరలు, భోజనాలకు ఎంతవుతోందో మన ఇళ్ళలో అందరికీ తెలుసు. అక్కడా కొన్నిచోట్ల పిల్ల సిద్ధమైందా అన్నదాని కన్నా తండ్రి సిద్ధమయ్యాడా అన్నదే ముందు చూస్తున్నారు.

డబ్బుతో విద్య చెడిపోవాలనీ లేదు. శ్రీకాకుళం ప్రాంతపు వీరఘట్టంలో పుట్టిన కోడి రామ్మూర్తి నాయుడు సర్కస్ కంపెనీ నడిపి, టిక్కెట్లు అమ్మి, లండన్‌లో అయిదవ జార్జి చక్రవర్తి ముందు బలప్రదర్శన చేసి ‘ఇండియన్ హెర్క్యులిస్’ అనిపించుకున్నారు. ఆయన బలం నిజం కాబట్టి టిక్కెట్టు కొన్నవాడు మోసపోలేదు.

ఇక్కడే బెంగళూరు పేటలో పాత గరడీ మనెలు ఇంకా కొన్ని ఉన్నాయి. కరగ ఉత్సవంలో కత్తులు పట్టి నడిచే వీరకుమారులు అలాంటి చోట్లే సాధన చేస్తారు. అక్కడ బెల్టు లేదు, మట్టి ఉంది. మన పల్లెల తాలింఖానాలు, కర్రసాము, కత్తిసాము తెలిసినవాళ్ళు ఇప్పుడు ఊరికొకరు దొరకడం కష్టం. బేనరు వేసుకోలేని విద్య మరుగున పడుతోంది, వేసుకున్నది వర్ధిల్లుతోంది.

చేర్చే ముందు అడగవలసినవి

ఏడాదికి మొత్తం ఖర్చు ఎంతో కాగితం మీద రాసిమ్మనండి. బెల్టు పరీక్ష, సామగ్రి, టోర్నమెంటు అన్నీ కలిపి. సామగ్రి బయట కొనుక్కోవచ్చా అని అడగండి. మొదట నెలకు మాత్రమే కట్టండి. మూడేళ్ళది ముందే కట్టించుకునేవారి దగ్గర ఆగి ఆలోచించండి. గత పరీక్షలో ఎంతమంది తప్పారో అడగండి. ‘ఎవరూ తప్పరండీ’ అని గర్వంగా చెబితే మీకు జవాబు దొరికినట్టే. తరగతి జరిగేటప్పుడు పెద్దలు కూర్చుని చూడవచ్చా అన్నది అన్నిటికన్నా ముఖ్యం. తలుపు మూసి నేర్పే చోట పిల్లల్ని, ముఖ్యంగా ఆడపిల్లల్ని, వదలకండి. దెబ్బ తగిలితే ప్రథమ చికిత్స ఎవరు చేస్తారో కూడా తెలుసుకోండి.

ప్రతి చెల్లింపుకూ రసీదు తీసుకోండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం డబ్బు కట్టి సేవ పొందేవారు వినియోగదారులే. బిల్లు ఇవ్వకపోవడం అన్యాయ వ్యాపార పద్ధతుల్లో ఒకటి. సలహాకు 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ ఉంది. జిల్లా కమిషన్‌లో అయిదు లక్షల లోపు వ్యవహారానికి దాఖలు రుసుము లేదు. రసీదు లేకపోతే మాత్రం ఏ చట్టమైనా ఏం చేయగలదు?

మన హాలు విషయంలో కమిటీ తీసుకున్న నిర్ణయం ఇది. మొత్తం ఖర్చుల పట్టిక తెలుగులోనూ కన్నడంలోనూ గోడకు అంటించాలి. నెలనెలా ఫీజే తప్ప ముందస్తు వసూళ్ళు ఉండకూడదు. తలుపులు తెరిచే ఉండాలి, పెద్దలకు కుర్చీలు వేయాలి. దీనికి ఒప్పుకున్నవారికే హాలు ఇస్తాము. వారు కుంగ్‌ఫూ నేర్పినా కరాటే నేర్పినా మాకు అభ్యంతరం లేదు. కర్రసాము వచ్చినవారు మీ బంధువుల్లో, మీ ఊళ్ళో ఎవరైనా ఉంటే దయచేసి కార్యాలయంలో తెలియజేయండి. ఆదివారం ఉదయాలు హాలు ఖాళీగానే ఉంటోంది. వారి దగ్గర అద్దె తీసుకోకూడదని కమిటీ తీర్మానించింది. పిల్లల దగ్గర వారు ఫీజు తీసుకోవచ్చు. రసీదు పుస్తకం మేమే ఇస్తాము.