22 ఓట్ల మీద నిలిచిన సర్కారు

2024 అక్టోబర్ 19 రాత్రి. కెనడా పశ్చిమ తీరాన బ్రిటిష్ కొలంబియా ప్రావిన్స్‌లో పోలింగ్ ముగిసింది, తొలి లెక్కింపూ అయిపోయింది. అయినా గద్దె ఎవరిదో తేలలేదు. 93 స్థానాల శాసనసభలో మెజారిటీకి 47 కావాలి. అధికారంలో ఉన్న న్యూ డెమోక్రటిక్ పార్టీ (ఎన్డీపీ) 46 దగ్గర ఆగింది. కన్జర్వేటివ్‌లకు 45, గ్రీన్ పార్టీకి 2. అందరి కళ్లూ వాంకూవర్ శివారులోని సర్రే-గిల్డ్‌ఫర్డ్ మీద పడ్డాయి. అక్కడ ఎన్డీపీ ఎమ్మెల్యే గ్యారీ బెగ్ మీద కన్జర్వేటివ్ అభ్యర్థి, న్యాయవాది హోన్వీర్ సింగ్ రంధావా 103 ఓట్ల ఆధిక్యంలో ఉన్నారు.

పోస్టులో వచ్చిన ఓట్లు, సొంత నియోజకవర్గం బయట వేసిన ఓట్లు ఇంకా లెక్కించాల్సి ఉంది. అక్కడ పోస్టల్ బ్యాలట్‌ను ముందు గోప్యత కవరులో పెడతారు. దాన్ని ఓటరు సంతకం చేసిన ధ్రువీకరణ కవరులో ఉంచి పంపుతారు. ఆ వివరాలు సరిచూసి, అదే మనిషి మరోచోట ఓటు వేయలేదని నిర్ధారించుకున్నాకే లోపలి బ్యాలట్‌ను లెక్కలోకి తీసుకుంటారు. అందుకే అంత ఆలస్యం. వారం తర్వాత ఆ కవర్లు తెరవడం మొదలయ్యాక రంధావా ఆధిక్యం 12కు పడిపోయింది. అక్టోబర్ 28న అది కాస్తా తిరగబడి బెగ్ 27 ఓట్లతో ముందుకొచ్చారు. తేడా మొత్తం ఓట్లలో ఐదు వందో వంతు కన్నా తక్కువైతే న్యాయమూర్తి పర్యవేక్షణలో మళ్లీ లెక్కించాలన్నది అక్కడి నియమం. నవంబర్ 8న ఆ లెక్కా పూర్తయింది. 22 ఓట్లతో బెగ్ గెలిచారు, ఎన్డీపీకి 47వ సీటు దక్కింది. ఫలితాన్ని సవాలు చేస్తూ రంధావా తర్వాత కోర్టుకెళ్లారు.

ఆ నియోజకవర్గంలో పోలైన ఓట్లన్నీ కలిపినా ఇరవై వేల లోపే. హైదరాబాద్ శివారులోని మన శేరిలింగంపల్లిలో ఓటర్లే ఏడు లక్షల పైచిలుకు. పరిమాణంలో పోలికే లేదు. కానీ నగరానికి ఆనుకుని పెరిగిన ఊరి కష్టాలు రెండు చోట్లా ఒకటే: రోజూ చేసే ప్రయాణం, పిల్లల బడి, అందుబాటులో ఇల్లు.

గిల్డ్‌ఫర్డ్ కథ అసలు ఒక వంతెనతో మొదలైంది. ఫ్రేజర్ నది మీద పోర్ట్ మాన్ వంతెన 1964లో తెరుచుకుంది. రెండేళ్లకే అక్కడ పెద్ద షాపింగ్ మాల్ వచ్చింది. నదికి అవతల ఉద్యోగం, ఇవతల ఇల్లు అన్నది అలా స్థిరపడిపోయింది. పంజాబ్ నుంచి వచ్చిన కుటుంబాలు గిల్డ్‌ఫర్డ్ ఉన్న ఈ సర్రే నగరంలో వేళ్లూనుకున్నాయి.

సర్రే-గిల్డ్‌ఫర్డ్ అన్న పేరుతో తొలి ఎన్నిక జరిగింది 2017లో. అంతకుముందు ఈ ప్రాంతంలో ఎక్కువ భాగం సర్రే-టైన్‌హెడ్ కింద ఉండేది. 2001లో అక్కడ లిబరల్ పార్టీ తరఫున డేవ్ హేయర్ గెలిచారు. ఆయన తండ్రి తారాసింగ్ హేయర్ పంజాబీ పత్రిక సంపాదకుడు, ఖలిస్తానీ హింసను ఎదిరించి రాసినవాడు. 1988లో జరిగిన కాల్పుల్లో ఆయన చక్రాల కుర్చీకి పరిమితమయ్యారు. ఎయిరిండియా విమాన పేలుడు కేసులో సాక్షిగా నిలబడాల్సిన ఆ మనిషిని 1998 నవంబర్‌లో సర్రేలోని సొంత ఇంటి గ్యారేజీలో కాల్చి చంపారు. మూడేళ్లు తిరక్కుండానే కొడుకు అదే ఊళ్లో జనం ముందుకొచ్చి ఓటడిగాడు. పన్నెండేళ్లు ఎమ్మెల్యేగా ఉన్నాడు. ఈ నియోజకవర్గ చరిత్రలో నాకు అన్నిటికన్నా పెద్ద విషయం ఇదే. తుపాకీకి ఆ కుటుంబం ఇచ్చిన జవాబు ఓటే.

2013లో లిబరల్ పార్టీ తరఫునే మాజీ పోలీసు అధికారి అమ్రిక్ విర్క్ గెలిచి మంత్రి అయ్యారు. 2017లో ఆయనతో తలపడిన బెగ్ కూడా మాజీ పోలీసే. కానీ ఆ ఎన్నికను పోలీసు నేపథ్యం తేల్చలేదు. పాత వంతెన స్థానంలో 2012 చివర్లో పది లేన్ల కొత్త వంతెన వచ్చింది, దాంతోపాటు టోలూ వచ్చింది. టోల్ బూత్ ఉండదు, కెమెరా నంబర్ ప్లేటును ఫొటో తీస్తుంది, బిల్లు ఇంటికొస్తుంది. ఒకసారి దాటితే సుమారు మూడు డాలర్లు. రోజూ పనికి వెళ్లి వచ్చేవాడికి అది ఆరు. ఏడాదికి 500 డాలర్లు మించనివ్వం అన్నారు అధికార లిబరల్స్. అసలు టోలే ఎత్తేస్తాం అన్నది ఎన్డీపీ. సర్రేలోని తొమ్మిది సీట్లలో ఆరు ఎన్డీపీకి వెళ్లాయి. గ్రీన్ పార్టీ మద్దతుతో ఆ పార్టీ గద్దెనెక్కింది, సెప్టెంబర్ 1న టోల్ పోయింది.

2001 నుంచి చూస్తే టైన్‌హెడ్ గానీ, గిల్డ్‌ఫర్డ్ గానీ ప్రతిసారీ ప్రభుత్వం ఏర్పాటు చేసిన పార్టీకే ఓటేశాయి. శివారు జనానికి నిలకడ లేదని తేలిగ్గా మాట్లాడేవాళ్లను చూస్తే నాకు కోపం వస్తుంది. జేబులోంచి రోజూ పోయే డబ్బును లెక్కేసి ఓటు వేయడం నిలకడలేనితనం ఎలా అవుతుంది?

2024 పోటీ అంత హోరాహోరీ కావడానికి ఒక కారణం ఉంది. లిబరల్స్ 2023లో బీసీ యునైటెడ్‌గా పేరు మార్చుకుని, ఎన్నికలకు రెండు నెలల ముందు ఏకంగా ప్రచారమే ఆపేశారు. 2020లో రెండు శాతం ఓట్లు కూడా రాని కన్జర్వేటివ్‌లు ఆ ఖాళీలోకి దూసుకొచ్చి, ప్రావిన్స్ మొత్తం మీద 43 శాతం తెచ్చుకున్నారు.

గెలిచిన బెగ్ పోలీసు శాఖ చూసే మంత్రి అయ్యారు, 2025 జులై వరకు ఆ పదవిలో ఉన్నారు. శాసనసభలో మాత్రం పరిస్థితి బిగుతుగానే మిగిలింది. స్పీకర్ రాజ్ చౌహాన్ కుర్చీలో కూర్చుంటే ఎన్డీపీకి 46, ఎదుటి పక్షాలన్నిటికీ కలిపి 46. సమానమైతే స్పీకరే ఓటు వేయాలి.

ఇంత చేసిన గిల్డ్‌ఫర్డ్‌కు రావాల్సిన రైలు మాత్రం రాలేదు. ఇక్కడి నుంచి సర్రేలోనే ఉన్న న్యూటన్ వరకు వేస్తామన్న లైట్ రైల్‌ను 2018లో సర్రే కొత్త మేయర్ పక్కన పెట్టించారు, బదులుగా పక్క ఊరు లాంగ్లీ వైపు స్కైట్రైన్ మెట్రో కావాలన్నారు. ఆ స్కైట్రైన్ దారి గిల్డ్‌ఫర్డ్‌ను తాకదు. ఇక్కడివాళ్లకు దక్కింది ఆర్1 ర్యాపిడ్ బస్సు. తదుపరి ఎన్నికలు 2028 అక్టోబర్‌లో. ఓటడగడానికి వచ్చే ఏ పార్టీ అయినా ముందు ఈ రైలు ఊసెత్తాలి.