మెగరా పాత్రలు : నామవిచారము

గ్రీకుల నల్లపూత మృణ్మయములలో, వెలుపల ఉబ్బుచిత్రములు గల అర్ధగోళాకార పానపాత్రలను 'మెగరా పాత్ర'లందురు. వీనికి పిడియు లేదు, పాదపీఠమును లేదు. మెగరా నగరమున దొరకినవని చెప్పబడిన కొన్నింటిని బట్టి 19వ శతాబ్దిలో ఈ పేరు రూఢమైనది. కాని దొరకిన చోటు వేఱు, పుట్టిన చోటు వేఱు. పాత్ర దూరదేశముల కేగును. మూస సాధారణముగా కుమ్మరిచోటనే యుండును. అట్టి మూసలు ఏథెన్సు అగోరా త్రవ్వకములలో లభించినవి. క్రీ.పూ. 3వ శతాబ్ది ఉత్తరార్ధమున, లోహపాత్రల ననుకరించుచు, ఇవి యచట ఆరంభమైనవని విద్వాంసుల నిర్ణయము.

నిర్మాణవిధాన మిది. మట్టిమూస లోపలితట్టున ఆకులు, పువ్వులు, దేవతామూర్తులు గల ముద్రల నొత్తి కాల్తురు. సారెపై నుంచిన ఆ మూసలో మెత్తనిమట్టి నదుముదురు. చిత్రము పాత్ర వెలుపల తేలును. ఆరి కుంచించుకొన్న పాత్ర తానై మూసను వీడును.

దీని నల్లని మెఱుగును గాజుపూత యనుటయు ఉపచారమే. అది ఇనుము గల సన్నని మట్టితేట. గాలి చొరని ఆవమున నలుపెక్కి, బిగిసి, పిదప గాలి సోకినను నలుపును విడువదు. పూతలేని మట్టి మాత్రము మరల ఎఱ్ఱనగును.

'కుశల' శబ్దము విని దర్భలు కోయువానిని వెదకము. అట్లే 'మెగరా' శబ్దమిట రూఢియే కాని యోగము కాదు. పేరును బట్టి జన్మస్థానమును నిర్ణయించుట ప్రమాదము, మూసయే ప్రమాణము.